సగంలో వదిలేసిన పని

వడ్రంగి మేస్త్రికి మాటలు తక్కువ. చెక్కతో మాట్లాడినంతగా మనుషులతో మాట్లాడడని ఊళ్ళో నవ్వుకునేవాళ్ళు. బిగుసుకుపోయిన తలుపైనా, ఊగిపోతున్న కుర్చీ అయినా ఆయన చెయ్యి పడితే దారికి రావలసిందే. అలాంటి మనిషికి లొంగనిది ఒక్కతే, ఆయన కన్నకూతురు. పంతొమ్మిదో ఏట చిన్న సంచీ ఒకటి పుచ్చుకుని, ఎవరెంత బతిమాలినా వినకుండా కన్యల మఠంలోకి నడిచి వెళ్ళిపోయింది. ఇరవై నెలలైంది.

ఇంట్లో ఆమెను గువ్వ అని పిలిచేవాళ్ళు. లోపల వేరే పేరు పెట్టారట. ఆ కొత్త పేరు పలకడానికి తల్లికి ఇంకా నోరు రాలేదు.

బళ్ళు నడిపే సిస్టర్లూ, ఆసుపత్రిలో సూదులు వేసే సిస్టర్లూ అందరికీ తెలుసు. వాళ్ళు బస్సెక్కుతారు, కూరగాయల దగ్గర బేరమాడతారు. ఈ మఠంవాళ్ళు అలా కాదు. ఒకసారి లోపలికి వెళ్ళాక గోడ దాటరు. రాత్రీ పగలూ వంతులవారీగా ప్రార్థన చెయ్యడం వాళ్ళ పని, పూజలో పంచే పల్చటి అప్పాలు కాల్చి చర్చిలకు పంపడం వాళ్ళ బతుకుతెరువు. వీధి వైపు గోడలో పీపాలాంటి చెక్కగూడు ఒకటి ఉంది, గుండ్రంగా తిరుగుతుంది. కోర్టు కేసున్నవాడు, పరీక్ష తప్పినవాడు, నెలలు నిండిన కోడలున్న అత్తగారు, ఎవరైనా సరే, చీటీ రాసి అందులో పెట్టి తిప్పితే అవతల ఎవరో తీసుకుంటారు. ఆ చీటీ రాసినవాళ్ళ కోసం ప్రార్థిస్తారు. చర్చి గడప తొక్కనివాళ్ళు కూడా నలుగురి కంటా పడకుండా వచ్చి తిప్పిపోతుండేవాళ్ళు. మళ్ళీ వాళ్ళే, ఆ గోడల వెనక ఏం జరుగుతుందో ఎవడు చూడొచ్చాడని టీకొట్ల దగ్గర చెవులు కొరుక్కునేవాళ్ళు. ఊరి నోటికి మూత ఎవరు పెడతారు?

కన్నవాళ్ళకు నాలుగు నెలలకోసారి అరగంట దొరికేది. రెండు వరసల ఇనప కటకటాలు, వాటి మధ్య నల్లగుడ్డ. అవతల నుంచి "బాగున్నాను నాన్నా" అని గొంతు వచ్చేది. గొంతు గువ్వదే. ముఖం మాత్రం ఇరవై నెలల్లో ఒక్కసారీ కనబడలేదు. "బక్కచిక్కిందో ఏమో, గొంతును బట్టి ఏం తెలుస్తుందండీ" అని తల్లి ఇంటికొచ్చేదాకా ఏడ్చేది.

అందుకే, భోజనాల గది ద్వారబంధం చెదలు తినేసిందని, వచ్చి బాగుచెయ్యమని మఠం నుంచి కబురు రాగానే ఆవిడ భర్త చెయ్యి పట్టేసుకుంది.

"ఏమండీ, ఎలాగైనా ఒక్కసారి దాని ముఖం చూసి రండి. ఇంకేమీ అడగను."

ఆయన సరేనని తలూపాడు. చూసి ఊరుకునే ఉద్దేశం మాత్రం ఆయనకు లేదు. రెక్క పుచ్చుకుని ఇంటికి తీసుకొచ్చెయ్యాలి. పిల్ల మీద కోపమూ బెంగా కలిసి ఆయన్ని ఇరవై నెలలుగా లోపల్లోపలే తినేస్తున్నాయి.

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి పనిసంచీతో మఠం తలుపు తట్టాడు. బయటివాళ్ళతో మాట్లాడడానికీ, అవసరమైతే గడప దాటడానికీ ఆ మఠంలో అనుమతి ఉన్నది ఒక్క గేటు సిస్టర్‌కే. డెబ్బై దాటిన మనిషి, చీపురుపుల్లంత సన్నగా ఉంటుంది. గొంతు విప్పితే హెడ్మాస్టరే.

"మేస్త్రీ, బాగా విను. మగమనిషి లోపలికొస్తే నేను గంట వాయిస్తూ ముందు నడుస్తాను. గంట వినబడినంతసేపూ సిస్టర్లు గదుల్లోంచి బయటికి రారు. నువ్వు పని చేస్తున్నంతసేపూ నేను పక్కన కూర్చుని వాయిస్తూనే ఉంటాను."

"అంతసేపా? చెయ్యి పీకదా సిస్టర్?"

"అది నా బాధ. నీ బాధ ఇంకొకటుంది. ఏ కారణం చేతనైనా గంట ఆగిందనుకో, చేతిలో పనిముట్టు ఆ క్షణమే కింద పడెయ్యాలి. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. గోడ వైపు తిరిగి కళ్ళు మూసుకుని నిలబడు. ఎందుకని అడక్కు."

మఠమన్నాక ఏవో పట్టింపులుంటాయిలే అనుకుని మేస్త్రి తలాడించాడు. ఆవిడ గంట పైకెత్తి చూసి, పిడి వదులైందని విసుక్కుని, "ముందు దీని సంగతి చూడు" అంటూ ఆయన చేతికే ఇచ్చి తాళాల కోసం వెళ్ళింది.

దేవుడే తెచ్చి చేతిలో పెట్టాడనిపించింది ఆయనకు. పిడికి సన్నటి చీల ఒకటి దిగ్గొట్టి బిగించాడు. ఆ తర్వాత ఆకురాయి తీసి, లోపల గంట నాలుక వేలాడే కొక్కేన్ని ముప్పాతిక వంతు అరగదీశాడు. కాసేపు వాయించాక అదే తెగిపోతుంది. గంట ఆగితే పనివాడు వెళ్ళిపోయాడనుకుని సిస్టర్లు తలుపులు తీస్తారు. వాళ్ళలో గువ్వ ఉంటుంది. ఆయన ఎత్తు అంతే, అంతకు మించి ఇంకేం లేదు. ముప్పై ఏళ్ళలో ఒకరి వస్తువు కావాలని పాడుచెయ్యడం అదే మొదలు. చెవులు వేడెక్కాయి. సిగ్గేసింది కూడా.

గేటు సిస్టర్ తాళం తీసింది. టంగ్... టంగ్... గంట వాయిస్తూ ముందు ఆవిడ, వెనక ఆయన. లోపల పొడుగాటి వసారా. ఎక్కడో పైన చిన్న చిన్న కిటికీలు, వాటిలోంచి పడే పల్చటి వెలుతురు. మైనం వాసన, గంజి పెట్టిన బట్టల వాసన, వాటి మీదుగా కాలుతున్న పిండి వాసన. గంట దగ్గరపడే కొద్దీ ముందున్న తలుపులు ఒకటొకటిగా మూసుకుంటున్నాయి. గడియ పడిన చప్పుడు తప్ప మనిషి అలికిడి లేదు. ఏ తలుపు వెనకుందో తన పిల్ల! ప్రతి తలుపు దగ్గరా ఆయన అడుగు తడబడింది.

భోజనాల గది ద్వారబంధం చూడ్డానికి నిటారుగానే ఉంది. వేలితో నొక్కితే లోపలికి దిగబడిపోయింది. మేస్త్రి చిన్న గొడ్డలిలాంటి బాడిస తీసి, చెదలు తిన్నంత మేరా చెక్కడం మొదలుపెట్టాడు. గేటు సిస్టర్ స్టూలు మీద కూర్చుని, చెయ్యి మార్చి చెయ్యి వాయిస్తోంది. బయట మబ్బు పట్టింది. గదిలో వెలుతురు తగ్గిపోయింది. గంట చప్పుడులోంచి బాడిస చప్పుడు, బాడిస చప్పుడులోంచి గంట చప్పుడు.

పావుగంట గడిచింది. టంగ్... టంగ్... ఠక్.

గంట నాలుక ఊడి, నేల మీద పడి, దొర్లుకుంటూ బల్ల కిందికి పోయింది.

గేటు సిస్టర్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "కింద పడెయ్! చేతిలోది పడెయ్యి మేస్త్రీ! నేను ఇంకో గంట తెస్తాను. గోడ వైపు తిరుగు!" అంటూ, ఆ వయసులో ఎలా వచ్చిందో ఆ పరుగు, వసారాలోకి పడుతూ లేస్తూ వెళ్ళిపోయింది.

ముసలావిడ హడావుడికి మేస్త్రికి నవ్వొచ్చింది. బాడిస పడేస్తే పదును పోదూ? పనిముట్టును నేలకేసి కొట్టడం ఆయనకు చేతకాని విద్య. దాన్ని అలాగే పట్టుకుని, చప్పుడు కాకుండా గదుల వైపు నడిచాడు.

"గువ్వా..." అని గొంతు తగ్గించి పిలిచాడు.

తలుపు ఒక్కటీ తెరుచుకోలేదు. గంట ఆగితే బయటికి వస్తారనుకున్నాడు కదా... ఎవరూ రాలేదు. పైగా లోపల్నుంచి, ఒక్కో తలుపుకీ రెండో గడియ కూడా వేసుకుంటున్న చప్పుడు. ఏదో గదిలో ఎవరో వెక్కిళ్ళు మింగుకుంటున్నారు.

"గువ్వా, నేనే... నాన్నని."

పిండి వాసన ఎప్పుడు పోయిందో పోయింది. దాని చోట పచ్చి నెత్తుటి వాసన. కసాయి కొట్టు కడిగిన నీళ్ళు నిలిచిపోతే వచ్చే వాసన. మేస్త్రి చొక్కా చేత్తో ముక్కు మూసుకున్నాడు.

వసారా చివర ఒక సిస్టర్ నిలబడి ఉంది. ముఖం మీదికి దించిన నల్ల ముసుగు. ఒడ్డూ పొడుగూ గువ్వంతే ఉంది. ఆయన ప్రాణం లేచొచ్చింది.

"ఎంత సేపని పిలవనే! రా... మీ అమ్మ..."

ఆమె దగ్గరకొచ్చింది. అడుగుల చప్పుడు లేదు. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఆగి, ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. మెడ చాచి, తల వంచింది. అప్పుడు కనబడింది ఆయనకు... నడినెత్తిన ముసుగు గుడ్డ లోపలికి దిగబడి ఉంది. నాలుగు వేళ్ళు పట్టేంత చీలిక. దాని అంచుల్లో తెల్లగా ఎముక.

"సగంలో వదిలేశారు..." అంది. గొంతు ఆ చీలికలోంచే వస్తోంది. "కానివ్వు..."

మేస్త్రి వెనక్కి గెంతాడు. తిరిగి పరుగెత్తబోయాడు. అటు వైపు... ఆమే. మోకాళ్ళ మీద. తల వంచుకుని. ఎడమకు తిరిగాడు. గోడకూ ఆయనకూ మధ్య, ఆమే. ఆయన్ని ముట్టుకోవడం లేదు. అడ్డుకోవడం లేదు. ఎటు తిరిగితే అటు, చేతికింద తల పెడుతోంది. అంతే.

"కానివ్వు... మిగతాది కానివ్వు..."

"పో! పో అవతలికి!"

"కానివ్వు..."

కొట్టాడు.

బాడిస మెత్తగా దిగింది. చెదల చెక్కలో దిగినట్టే. నెత్తురు లేదు. ఆమె లేదు. ఊపిరి తీసుకునేలోపే పక్కన మళ్ళీ మోకాళ్ళ మీద ఉంది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ మెత్తగా. ఎక్కడో ధడాలున తలుపు తెరుచుకుంది. ఎవరో అరిచారు. ఆయన చెవుల్లో తన నెత్తురు హోరు తప్ప ఇంకేం లేదు. ఎదురుగా నల్ల ముసుగు... మీదికి వస్తోంది... రెండు చేతులు బాడిస కోసం చాచి...

కళ్ళు గట్టిగా మూసుకుని, శక్తంతా పెట్టి కొట్టాడు.

ఈసారి గట్టిగా తగిలింది. మణికట్టు దాకా అదిరింది. ముఖం మీద వెచ్చగా చిమ్మింది. ఆయన ఆగలేదు. నాలుగోది. ఐదోది. ఆ తర్వాత ఎన్నో ఆయనకు తెలియదు. ఎముకలో ఇరుక్కున్న బాడిసను కాలితో తన్నిపట్టి లాగి మరీ కొట్టాడు. చివరి దెబ్బకు అది మళ్ళీ ఇరుక్కుంది, ఈసారి రాలేదు. పిడి వదిలేశాడు.

కళ్ళు తెరిచాడు. నేల మీద నల్లబట్టల మూట. దాని కింద నుంచి నెత్తురు పారుతూ ఆయన చెప్పుల దాకా వస్తోంది. మూటలోంచి బయటికి పడిన చెయ్యి వేళ్ళు రెండుసార్లు ముడుచుకుని ఆగిపోయాయి. పడిపోయింది. ఇంక లేవలేదు. చంపేశాను దాన్ని, అనుకున్నాడు. దెయ్యాన్ని చంపేశాను. నవ్వొచ్చింది.

"నాన్నా."

వెనక గువ్వ. చల్లటి చెయ్యి ఆయన మణికట్టు పట్టుకుంది. ముఖం మీద ముసుగు ఉంది, గొంతు మాత్రం అదే. నల్లగుడ్డ వెనక నుంచి విన్న గొంతు. చిన్నప్పుడు చెక్కపొట్టులో ఆడుకుంటూ పిలిచిన గొంతు.

"గువ్వా! నీకేం కాలేదు కదా? నీ మీద పడలేదు కదా అది?"

"నాకేం కాలేదు. రా నాన్నా. ఇంటికి పోదాం."

ఇరవై నెలలుగా ఆయన వినాలనుకున్న మాట అదే. ఏడ్చేశాడు. ఆమె ఆయన్ని అప్పాలు కాల్చే గదిలోంచి, పెరటి తలుపులోంచి, సందులోంచి బయటికి నడిపించింది. వెనక మఠంలో గంట మొదలైంది. గణగణమని, ఆగకుండా, ఎవరో పిచ్చెత్తినట్టు వాయిస్తున్నారు. వాన కూడా మొదలైంది. ఆయన ముఖం మీదా చొక్కా మీదా ఉన్న నెత్తురు కొట్టుకుపోయింది.

"ఒక్కసారి ముఖం చూపించవే."

"ఇంటికెళ్ళాక నాన్నా."

తల్లి తలుపు తీసి, గడపలో నిలబడ్డ పిల్లను చూసి కూలబడిపోయింది. మళ్ళీ లేచి కావలించుకుంది. "ఎంత చల్లగా ఉందో చూడండి" అంటూ తువ్వాలు తెచ్చింది, పొయ్యి రాజేసింది, అన్నం పెట్టింది, నవ్వింది. ఆవిడ నవ్వగా చూసి ఎన్నాళ్ళైందో! మేస్త్రి గోడకు చేరగిలబడి ఆ నవ్వు చూస్తూ కూర్చున్నాడు. ముసుగు తియ్యమంటే, అలవాటు తప్పింది కాసేపాగమంది పిల్ల. పళ్ళెంలో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. తల్లికి అదేమీ పట్టలేదు. చెప్పుకోవలసిన కబుర్లు అన్నున్నాయి మరి.

దీపాలు పెట్టే వేళకు వీధి తలుపు చప్పుడైంది. మేస్త్రి వెళ్ళి తీశాడు. గేటు సిస్టర్. వానలో గొడుగు కూడా లేకుండా వచ్చింది. ఆవిడ ముంజేతుల దాకా నెత్తురు ఎండిపోయి ఉంది.

"పడెయ్యమన్నాను కదయ్యా," అంది. గొంతులో హెడ్మాస్టర్ లేదు.

"దాన్ని చంపేశాను సిస్టర్. మీకింక బెడద లేదు."

ఆవిడ గుమ్మం పట్టుకుని నిలదొక్కుకుంది.

"యాభై ఏళ్ళ కిందటి మాట, అప్పుడు నాకు ఇరవై. ఊళ్ళో పిల్లలకు జబ్బులొస్తున్నాయి, ఊరివాళ్ళు నీళ్ళు తోడుకునే గోడ పక్క నూతిలో మేమేదో కలిపామని పుకారు పుట్టింది. చీటీలు పెట్టి ప్రార్థన చేయించుకున్న మగవాళ్ళే గొడ్డళ్ళూ గునపాలూ పట్టుకుని గోడ దూకారు. మేమంతా తలుపులేసుకున్నాం. ఒక్క సిస్టర్ బయట ఉండిపోయింది. నెత్తి మీద ఒక్క దెబ్బ వేసి, భయపడి పారిపోయారు. ఆవిడ మూడు రోజులు చావలేదు. చంపెయ్యమని ఏడ్చింది. అప్పట్నుంచీ చేతిలో పనిముట్టున్న మగవాడు లోపల ఉంటే, గంట మోగకపోతే... వస్తుంది. ఎవరినీ ఏమీ చెయ్యదు. కొట్టించుకోవడానికి వస్తుంది, అంతే. ఆవిడకు దెబ్బ తగలదు మేస్త్రీ. ఆ దెబ్బ ఎవరడ్డం వస్తే వాళ్ళకే."

మేస్త్రి తన ఖాళీ చేతుల వైపు చూసుకున్నాడు.

"అందరం గడియలేసుకున్నాం. ఒక్కతే ఆగలేదు. 'బయట మా నాన్న' అంది. నీ చేతిలోది లాక్కోవాలని పరుగెత్తింది. ముఖం... ఎడమ వైపు కొంచెం మిగిలింది. తుడిచాం." "పోలీసులకు కబురు పంపారు, ఈ వానలో రేపటికి గానీ రాలేరట. నీకు ముందు చెప్పమన్నారు మఠం పెద్ద మదర్. రేపు పొద్దున్నే మీరిద్దరూ రండి. పాతిపెట్టే ముందు కన్నవాళ్ళకు ఒక్కసారి ముఖం చూపించడానికి మా నియమం ఒప్పుకుంటుంది."

ఆవిడ వానలోకి వెళ్ళిపోయింది. మేస్త్రి తలుపు మూశాడు. గడియ పట్టుకున్న చెయ్యి వదలడం ఆయన వల్ల కాలేదు.

"ఎవరండీ?" వంటింట్లోంచి భార్య గొంతు.

పిల్లే జవాబు చెప్పింది.

"మఠం నుంచమ్మా. రేపు పొద్దున్నే రమ్మంటున్నారు. ముగ్గురం వెళ్దాం."

"ఇప్పుడే కదే వచ్చావు, మళ్ళీ ఏం వెళ్తావు! ఇంక చాలు గానీ, ఆ తడి ముసుగు తియ్యి, కాస్త నీ ముఖం చూడనీ" అంటోంది తల్లి, నవ్వుతూ.

"రేపు అక్కడ చూద్దువుగానిలే అమ్మా."